మేనమామ వచ్చినాడు

మా మనవరాలు చౌడేశ్వరి ఒక మనిషికి జ్వరం ఎంతుందో చూడడానికి చేతులకు ఏడు జతల గ్లౌజులు ఒకదాని మీద ఒకటి తొడుక్కుంది. వేళ్లు గుత్తివంకాయల్లా ఉబ్బిపోయి థర్మామీటరు పట్టు చిక్కకపోతే, చివరికి దాన్ని పళ్లతో పట్టుకుని ఆయన చంకలో పెట్టింది.

సరే, ఏడు కాదు. రెండు జతలు. పళ్ల సంగతి కూడా నేను కలిపిందే. పళ్లతో పెట్టాలంటే ఇంకా దగ్గరికి పోవాలి కదా, ఆ రోజుల్లో మా పిల్ల అంత దగ్గరికి పోయే రకం కాదు. కానీ మూడో జత జేబులో సిద్ధంగా ఉండింది. ఈ ఒక్క మాట మీద మాత్రం వెనక్కి తగ్గను.

చిన్నప్పుడు నన్ను కర్నూలులో కాన్వెంటులో వేశారు. అబద్ధమాడితే సిస్టర్లు మోకాళ్ల మీద నిలబెట్టేవాళ్లు. ఈ వయసులో కూడా నా మోకాళ్లు బండరాళ్లలా ఉన్నాయంటే కారణం అదే. కాబట్టి నేను చెప్పేదానిలో ఎంత తీసెయ్యాలో మీరే చూసుకోండి. ఈ కథలో సగం చౌడేశ్వరి స్నేహితురాలు మధులత చెప్పింది. సగం కాశన్న అనే ఆయన చెప్పాడు. మిగిలిన సగం నాది. చౌడేశ్వరి మాత్రం ఎంత బతిమాలినా నోరు విప్పలేదు.

మాది కోయిలకుంట్లలో మగ్గం ఇల్లు. పిల్ల పుట్టగానే మా కులదేవత చౌడమ్మ పేరు పెట్టుకున్నాం. ఆ తల్లి కత్తి పట్టుకుని నిలబడుతుంది. మా పిల్ల బల్లిని చూస్తే మంచం ఎక్కి నిలబడుతుంది. చిన్నప్పటి నుంచీ దానికి శుభ్రం పిచ్చి. నీళ్లు తాగేముందు గ్లాసు కడుగుతుంది, తాగాక కడుగుతుంది, ఎవరైనా ఆ గ్లాసు వైపు చూస్తే మళ్లీ కడుగుతుంది. నూలుకు గంజి పెట్టే రోజున ఇల్లు దాటి పక్కవీధికి పోయి కూర్చునేది.

నాకు ఒక్కటే సంతానం, దాని తల్లి నాగలక్ష్మమ్మ. కొడుకులు లేరు. అంటే చౌడేశ్వరికి మేనమామ లేడు. మేనమామ లేకపోతే మా వైపు ఏ పనీ జరగదు. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, చెవులు కుట్టేటప్పుడు పట్టుకోవాలి, వయసొచ్చినప్పుడు చీర పెట్టాలి. ప్రతిసారీ ఎవరో ఒకరిని అరువు తెచ్చుకున్నాం. ఒకసారి ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన పోస్టుమానును లోపలికి లాగి కూర్చోబెట్టాం. ఆయన కాకీ చొక్కా నిండా పిల్ల వెంట్రుకలే.

అలాంటి పిల్ల ఇంటర్ అయ్యాక నర్సు అవుతానంది. నేను నవ్వాను. వాళ్ల నాన్న ఉమామహేశ్వర నవ్వాడు. అది నవ్వలేదు. కర్నూలులో ఒక నర్సింగు కాలేజీలో చేరిపోయింది.

చదువులో గట్టిది. హెచ్‌ఐవీ ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, పక్కన కూర్చుంటే రాదు అని పరీక్షలో ఇంత పొడుగు జవాబు రాసి తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. కానీ తలకాయ రాసిన జవాబు చేతులకు తెలియాలి కదా. వార్డులో అడుగు పెట్టగానే ఆ చేతులు గ్లౌజుల డబ్బా వెతుక్కునేవి. దాని చేతులే కాదు, ఆ ఏడు చేరిన పిల్లలందరి చేతులూ అంతే.

వార్డులో ఆ జబ్బు పేరు పైకి అనకూడదు. మంచి నియమం. కానీ ఒకరినొకరు హెచ్చరించుకోవాలి కదా! దానికి పిల్లలు ఒక రహస్యపు మాట పెట్టుకున్నారు. పైతరగతి నాగలత ఈ కొత్తవాళ్లకు నేర్పింది.

"పలానా బెడ్డుకు మేనమామ వచ్చినాడు అనాల. అంతే. అర్థం చేసుకోవాల."

"మేనమామ ఎందుకక్కా?" అని మధులత అడిగింది.

"ఇంటికి మేనమామ వస్తే నువ్వు ఏం చేస్తావే?"

"తలుపు చాటున నిలబడ్తా. నన్ను ఆయనకే ఇస్తామని మా అవ్వ ఒకటే పోరు."

"అదే. ఈడా అంతే. తలుపు కాడ నిలబడాల. దగ్గరికి పోగూడదు."

పిల్లలు పడీ పడీ నవ్వారట. నేనూ విన్నప్పుడు నవ్వాను. ముసలివాణ్ణి, నవ్వాక గానీ ఆలోచన రాదు.

ఒక ఉదయం మగవాళ్ల వార్డులో మూలబెడ్డుకు కాశన్న వచ్చాడు. కోసిగి మనిషి. వానలు లేని ఏడాది బెంగళూరుకు పోయి కట్టడాల దగ్గర ఇటుకలు మోసేవాడు, వానలు పడిన ఏడాది కూడా పోయేవాడు, అలవాటైపోయి. యాభై ఏళ్లు ఉంటాయి. నెమ్ము చేసి, గాలి ఆడక, ఎముకల గూడులా ఉన్నాడు. మధులత కాగితం చూసింది. చూసి, వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా కేక పెట్టింది.

"ఒసే చౌడీ! మీ మేనమామ వచ్చినాడు! మూలబెడ్డు నీదే గదా!"

చౌడేశ్వరి రెండు జతలు తొడుక్కుంది. మూడో జత జేబులో పెట్టుకుంది. మంచానికి ఇంత దూరంలో నిలబడి, వంగి, చెయ్యి చాచి థర్మామీటరు అందించబోయింది. ఆ వార్డుకు పెద్ద జీవమ్మ సిస్టరు. ఆమె అటుగా పోతూ ఆగింది.

"ఏమే, చలి పెడ్తాందా? అన్ని తొడుక్కున్యావు? రక్తం తీస్తాండావా?"

"లేదు సిస్టర్."

"మరి?"

చౌడేశ్వరి జేబులోని మూడో జతను ఇంకా లోపలికి తోసింది. జీవమ్మ ఇంకేమో అనబోయేలోగా మంచంలోంచి కాశన్న దగ్గుతూ అడ్డం వచ్చాడు.

"పోనీలేమ్మా, తిట్టాకు. సిగ్గు పడ్తాంది. నేను మేనమామను గదా."

జీవమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఆమెకు పిల్లల రహస్యపు మాట తెలియదు. "ఓహో, బంధువులా" అనుకుని వెళ్లిపోయింది. కాశన్న పిల్ల వైపు తిరిగాడు.

"ఎవురి కూతురమ్మా నువ్వు?"

"నాగలక్ష్మమ్మ కూతురు. కోయిలకుంట్ల."

ఆయన పైకప్పు వైపు చూస్తూ వేళ్లు మడిచాడు. బంధువులందర్నీ వరసగా తలుచుకుంటున్నట్టు.

"నాకు అక్కచెల్లెండ్లు లేరు," అన్నాడు చివరికి. "కోయిలకుంట్ల నేను చూసిందే లేదు. అయినా నువ్వు మేనమామ అంటాండావు కాబట్టి యాడనో ఉండే ఉంటాది. ఆ నాగలక్ష్మమ్మను అడిగినానని చెప్పు."

చౌడేశ్వరి తల ఊపింది.

"సిగ్గు మంచిదే," అన్నాడు కాశన్న. "కానీ మేనమామ ముందర తలుపు చాటున నిలబడేది చూసినా గానీ, రబ్బరు తొడుక్కునేది ఇదే చూడ్డం. ఇంత సిగ్గు ఏ ఊర్లోనూ లేదు తల్లీ."

మధులత నోట్లో చేయి కుక్కుకుని బయటికి పరుగెత్తింది. చౌడేశ్వరి ఏం చెయ్యాలి? సిగ్గు కాదు, భయం అని చెప్పాలి. లేదా తియ్యాలి. ఒక జత తీసింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. రెండోది తీసింది. వేళ్లు చెమటకు నాని ముడతలు పడి ఉన్నాయి. ఆ వేళ్లతో ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. పేషెంటు నాడి కంటే దాని నాడే వేగంగా కొట్టుకుందని మధులత అంటుంది. మధులత ఆ సమయానికి వరండాలో ఉంది, కాబట్టి ఆ పిల్ల నా శిష్యురాలు కాదగ్గది.

ఆ సాయంత్రం జీవమ్మ పిల్లల్ని పక్కగదిలోకి పిలిచి చెప్పింది.

"ఆ మూలబెడ్డాయన ఇంతకుముందు ఇంకో ఊర్లో మాత్రలు తీసుకుంటాండె. బాగనే ఉండె. ఆడ ఎవురో వరండాలో నిలబడి జబ్బు పేరు పెట్టి పిలిచినారు. ఆ దినమే మూట కట్టుకొని బెంగళూరుకు పోయినాడు. మాత్రలు మానేసినాడు. అందుకే ఇట్ల అయి వచ్చినాడు. ఇప్పుడు మళ్లా మొదలుపెడ్తాం, నెలనెలా వచ్చి తీసుకుంటే నిండా బతుకుతాడు. ఇంకొకసారి మనసు ఇరిగి పోయినాడంటే మాత్రం తిరిగి చూస్తామని నేను చెప్పలేను. కాబట్టి నోరు జాగ్రత్త."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నోరు జాగ్రత్తగా పెట్టుకోవడానికే కదా ఆ మాట కనిపెట్టింది! చౌడేశ్వరి ఆ రాత్రి అన్నం తినలేదట. ఆయన అక్కడ మంచంలో పక్కవాళ్లకు చెప్పుకుంటున్నాడు, "నా మేనకోడలు నర్సు" అని. ఆ మాట అర్థం తెలిసిన రోజున ఆయన మూట కట్టడం ఖాయం.

పదిరోజులు గడిచేసరికి కాశన్న లేచి కూర్చున్నాడు. జొన్నరొట్టె అడిగాడు. ఆస్పత్రి చారును తిట్టాడు. అంటే బాగయ్యాడన్నమాట. సరిగ్గా అప్పుడే తలుపు పక్క బెడ్డుకు ఇంకొకాయన వచ్చాడు. మధులతకు ఎవరు ఏం చెప్పినా నోరు మాత్రం పాత దారినే పోతుంది.

"ఒసే, ఇంకో మేనమామ వచ్చినాడే!"

కాశన్న రొట్టె తుంచడం ఆపాడు.

"అదేందిమ్మా," అన్నాడు. "మీ అందరి మేనమామలూ ఈడికే వస్తాండారా?"

చౌడేశ్వరి చేతిలో మందుల ట్రే ఉంది. పిల్ల కాశన్న పక్కబెడ్డు వైపు తిరిగింది. అక్కడ వరిబీజం ఆపరేషనుకు వచ్చిన ఆత్మకూరు తాత, బోసినోటితో నిద్రపోతున్నాడు.

"ఏం మామా, నొప్పి తగ్గిందా?" అని గట్టిగా అరిచింది.

తాత ఉలిక్కిపడి లేచాడు. ఎనభై ఏళ్లొచ్చాక ఒక పడుచుపిల్ల మామా అంటే మగవాడికి ఏ మందూ అక్కర్లేదు. "తగ్గింది కోడలా!" అన్నాడు. చౌడేశ్వరి ఆగలేదు. కాలు విరిగినాయన్ని మామా అంది. కామెర్లాయన్ని మామా అంది. నేల తుడిచే చిన్న ఈరన్నను "మామా, ఈడ తడి ఉండాది చూడు" అంది. రౌండ్సుకు వచ్చిన కుర్ర డాక్టరును కూడా "మామా" అనేసి, నాలుక కరుచుకుని, "సార్" అని కలిపింది. ఆ డాక్టరు మరుసటి రోజు నుంచి తల దువ్వుకుని రావడం మొదలుపెట్టాడని మధులత చెబుతుంది. ఇది నేను కలిపింది కాదు.

కాశన్న నవ్వి రొట్టె తుంచుకున్నాడు. "మీ వైపు మర్యాద శానా ఎక్కువ తల్లీ," అన్నాడు.

మొదలుపెట్టాక ఆపడం కుదరదు కదా. ఆపితే అనుమానం. మరుసటి రోజూ అందరూ మామలే. ఆడవాళ్ల వార్డులో అందరూ అత్తలే. మిగతా పిల్లలకూ అంటుకుంది, ముట్టుకుంటే అంటుకునేవి ఇలాంటివే. నెల తిరిగేసరికి నాగలత నేర్పిన ఏర్పాటు మొత్తం కుప్పకూలింది. "మామ వచ్చినాడు" అంటే ఏ మామ? కాలు విరిగిన మామా, కడుపునొప్పి మామా? ఎవరికీ తెలియదు. ఎవరి దగ్గర దూరంగా నిలబడాలో తెలియక అందరికీ ఒకేలా దగ్గరగా నిలబడ్డారు. రక్తం తీసేటప్పుడు అందరికీ గ్లౌజులు, జ్వరం చూసేటప్పుడు ఎవరికీ లేవు. జీవమ్మ ముచ్చటపడింది. "నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది ఇదే గదా, ఇప్పటికి బుర్రకెక్కిందా!" అని.

కాశన్న ఇంటికి వెళ్లాడు. మొదటి నెల మాత్రలకు వచ్చాడు, మేనకోడలి కాలేజీలో దీపాల పండగ ఎప్పుడో అడిగి పోయాడు. రెండో నెల వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు మేనకోడలు క్లాసులో ఉంది, మధులత కనిపించింది. మధులతకు కడుపులో మాట నిలవదు, మంచి మనసు కూడా నిలవదు, రెండూ కలిసి బయటికి వస్తాయి. ఆయన చేతులు పట్టుకుని, "తప్పయిపాయ మామా, ఆ మాటకు మేం మొదట అట్ల అర్థం పెట్టుకున్యాం, మమ్మల్ని తిట్టాకు" అని ఏడ్చి, అంతా చెప్పేసింది. కాశన్న చేతులు విడిపించుకుని బస్టాండుకు పోయాడట.

మూడో నెల ఆయన రావలసిన రోజు దాటిపోయింది. ఫోను చేస్తే పలకలేదు. చౌడేశ్వరి మధులతతో మాటలు మానేసింది. "ఇంట్లో నాలుగు మాత్రలు ఎక్కువే ఉంటాయి, చూద్దాంలే" అని జీవమ్మ అంది గానీ, ఆమె కూడా మాటిమాటికీ గేటు వైపే చూసేదట.

అది జరుగుతున్నప్పుడే కాలేజీలో దీపాల పండగ వచ్చింది. కొత్త నర్సు పిల్లలు తెల్లబట్టలు కట్టి, దీపం పట్టుకుని, రోగులందర్నీ సమానంగా చూస్తామని ప్రమాణం చేసే రోజు. మమ్మల్నీ పిలిచారు. నేను, నాగలక్ష్మమ్మ, అల్లుడు పోయాం. పిల్ల వేదిక మీద నిలబడింది. దాని దీపం ఒక్కటే పక్కకు ఒరుగుతోంది. గాలి అనుకున్నా. పక్కనున్న దీపాలు నిటారుగానే వెలుగుతున్నాయి, మా పిల్ల కళ్లు మాత్రం గేటు మీద ఉన్నాయి.

కార్యక్రమం అయ్యాక నేను మెట్ల మీద కూర్చున్నా. పిల్లలిద్దరూ నా పక్కన నిలబడి ఒకరితో ఒకరు మాట్లాడకుండా చేగోడీల్లాంటి కోడుబళెలు తింటున్నారు. అప్పుడు తెల్ల పంచె, తలగుడ్డ, చంకలో పొట్లం పెట్టుకుని ఒకాయన వచ్చాడు. మధులత చేతిలో కోడుబళె కింద పడింది.

"వస్తివా మామా," అంది చౌడేశ్వరి.

"వస్తి," అన్నాడాయన. కూర్చోలేదు. "ఒక మాట అడగాల. ఈ పాప చెప్పింది నిజమేనా? ఆ మాటకు మీలో వేరే అర్థం ఉండాదా?"

చౌడేశ్వరి నా వైపు చూసి నోరు మూసుకుంది. పరాయివాళ్ల ముందు పేషెంటు సంగతి ఎత్తకూడదు కదా, తాతయినా సరే. ఆయనకు అర్థమైంది.

"ముసలాయన ముందర నాకేం దాపరికం? హెచ్‌ఐవీ ఉండాది నాయనా నాకు. మాత్రలు మింగుతాండా. బాగుండా."

నేను కాన్వెంటు చదువు చదివినవాణ్ణి. కాబట్టి "ఓహో" అన్నాను. అంతకంటే మంచి మాట ఏ భాషలోనూ తోచలేదు.

"చెప్పు పాపా," అన్నాడు కాశన్న. "కోసిగిలో మూట కట్టినా. బెంగళూరు బస్సు ఎక్కి కూర్చున్యా గూడా. కండక్టరు యాడికప్పా అన్యాడు. కర్నూల్లో మేనకోడలికి దీపాల పండగ అని నోటికి వచ్చింది. ఈ బస్సు అటు పోదు దిగు అని దించేసినాడు. అందుకని వచ్చినా. ఇప్పుడు నువ్వు చెప్పేదాన్ని బట్టి బెంగళూరుకు పోయేదో, మాత్రలకు పోయేదో."

మధులత ఏడుపు మొదలుపెట్టింది. చౌడేశ్వరి ఏడవలేదు.

"ఉండె మామా, ఆ అర్థం," అంది. "మేమే పెట్టుకున్యాం. నేనూ నవ్వినా. నువ్వు వచ్చినప్పుడు దూరం నిలబడింది సిగ్గుతో కాదు, భయంతో."

"ఇప్పుడు?"

"ఇప్పుడు యాడుంది? ఆస్పత్రి నిండా అందరూ మామలే అయిపాయ. ఆ డాక్టరు గూడా మామే. ఇంక దానికి ఏం అర్థం ఉంటాది?"

కాశన్న తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు. ఆలోచించడానికి ఆయన పద్ధతి అదనుకుంటా.

"వాళ్లంతా మామలు," అన్నాడు. "నేను?"

"నువ్వు మేనమామ."

"ఖాయమేనా? ఖాయమైతేనే పొట్లం విప్పుతా. దుడ్లు పెట్టి కొన్యా, ఎమ్మిగనూరులో."

"ఖాయం," అంది మా పిల్ల.

విప్పాడు. పసుపు అంచు ఎర్రచీర. నేత ఇంటి పిల్లకు చీర తేవడమంటే ఎంత ధైర్యం కావాలో చూడండి. నేను అంచు పట్టుకోగానే నా వేళ్లకు తెలిసిపోయింది, కరెంటు మగ్గం మీద దిగిన చీర. ఆయన నా ముఖంలోకి ఆశగా చూశాడు. "చేనేతే గదా నాయనా?"

"మేలైన చేనేత," అన్నాను. "పోగు చూడు ఎంత సన్నమో!" ఎక్కడో ఒక సిస్టరు ఆత్మ నన్ను మోకాళ్ల మీద నిలబడమంది. నిలబడలేదు.

చౌడేశ్వరి తెల్ల యూనిఫాం మీదే తల వంచింది. కాశన్న చీర భుజం చుట్టూ కప్పి, అంచు సర్ది, దాని తల మీద రెండు చేతులూ పెట్టి ఆనించాడు. శానాసేపు తియ్యలేదు. మా పిల్ల కదల్లేదు. మధులత మెల్లగా, "మామా, మరి నాకు?" అంది. "నువ్వు నోరు కుట్టించుకొని రా, చూద్దాం" అన్నాడాయన. పిల్లలిద్దరూ ఒక్కసారిగా నవ్వారు, అక్కడితో వాళ్లకు మాటలు కలిశాయి.

చౌడేశ్వరి ఆయన చెయ్యి పట్టుకుని, చీర భుజం మీదే ఉంచుకుని, మాత్రలు ఇచ్చే గది వైపు నడిపించుకుపోయింది. పోతూ ఆయన వెనక్కి తిరిగి నన్ను పిలిచాడు.

"నాయనా! పాపకు నేను మేనమామ అంటే నీకు కొడుకును గదా?"

"అంతే కదా మరి."

"ఆస్తి ఏమన్నా ఉండాదా?"

"ఒక మగ్గం ఉంది."

"అది నువ్వే పెట్టుకో," అని పోయాడు.

అప్పటి నుంచి ఒక్క నెల కూడా తప్పలేదు. మాత్రలు తీసుకుని, కర్నూలు నుంచి నాకు ఫోను చేస్తాడు. పేరు, ఊరు మార్చి రాసుకో నాయనా అని ఆయనే అన్నాడు కాబట్టి రాశాను. ఏది మార్చానో చెప్పను.

రాశాక చౌడేశ్వరికి చూపించాను. ఆ పసుపు అంచు ఎర్రచీర కట్టుకుని ఉంది, నిలబడే చదివింది. కాగితాలు మడిచి నా చేతికిచ్చింది.

"కాశన్న అనే మనిషే లేడు తాతా. నేను ఎవురినీ మామా అనలే. ఆ వార్డులో నాకు డ్యూటీనే పడలే. అంతా అబద్ధం."